బరువు దిగే దారి

బల్ల మీద మనిషి కూర్చోగానే అతని బరువు నేలకు బయల్దేరుతుంది. దారిలో అది గుడ్డను దాటాలి, దూదిని దాటాలి, కొబ్బరి పీచును, గోనెపట్టాను, నవారును, చెక్క చట్రాన్ని, దూలాన్ని, చివరికి నాలుగు కాళ్లను దాటాలి. ఒక్కొక్కటీ తన మీద పడ్డదాన్ని కాస్త పరచి, కింది దానికి సజావుగా అప్పగించాలి. ఎక్కడైనా ఆ అప్పగింత కుదరకపోతే ముందు మన తొడలకు తెలుస్తుంది, తర్వాత నడుముకు తెలుస్తుంది, కొన్నేళ్లకు బల్లకే తెలుస్తుంది. మెత్త వేసిన ఏ ఆసనాన్నైనా ఈ దారి వెంట చూస్తేనే దాని పనితనం బోధపడుతుంది. ఇక్కడ పరిచయం చేస్తున్న బల్ల అలా పొరపొరా చూడదగ్గది.

అది సికింద్రాబాద్ మెట్టుగూడలో మా పెద్ద మామయ్య ఇంటి వరండాలో ఉంది. పొడవు 4 అడుగులు, వెడల్పు 14 అంగుళాలు, ఎత్తు 19 అంగుళాలు. మనిషి కూర్చుంటే ఒక అంగుళం దిగి 18కి వస్తుంది. ఇద్దరు పెద్దవాళ్లు హాయిగా కూర్చోవచ్చు, మధ్యలో ఒక పిల్లవాడికీ చోటు దొరుకుతుంది. మామయ్య ఉద్యోగమంతా లాలాగూడ క్యారేజీ వర్క్‌షాపులో గడిచింది. 1893లో నిజాం రాజ్యపు రైల్వే కోసం వెలసిన ఆ కార్ఖానా ఇప్పుడు దక్షిణ మధ్య రైల్వేది. రైలు పెట్టెల్లో సీట్లకూ బెర్తులకూ మెత్తలు వేసి, రెగ్జిన్ తొడిగి, అంచులు బిగించే పనివాణ్ని రైల్వేలో ట్రిమ్మర్ అంటారు. మామయ్య ట్రిమ్మర్‌గా చేసి రిటైరయ్యారు. వడ్రంగం కూడా అక్కడే, పక్క సెక్షన్ వాళ్ల చేతులు చూసి పట్టుకున్నారు. ఈ బల్లను ఇంటి వెనక రేకుల షెడ్డులో చేతి పనిముట్లతోనే కట్టారు. ఎవరు మెచ్చుకున్నా "కూసో, కూసొని చెప్పు" అంటారు తప్ప దాని గొప్ప ఆయన చెప్పుకోరు. అందుకే ఆ పని నేను చేస్తున్నాను.

గుర్రం నిలబడే తీరు

కలప అడితీలో, ఇల్లు కట్టేచోట వడ్రంగి ముందు ఒక జత గుర్రాలు ఉంటాయి. అడ్డంగా ఒక దూలం, దాని రెండు కొసల దగ్గర బయటికి చాచిన రెండేసి కాళ్లు. కోయాల్సిన చెక్కను వాటి మీద పరిచి, ఒక కాలితో తొక్కిపట్టి రంపం ఆడిస్తారు. రంపం తోపుకూ లాగుడుకూ అవి కదలకూడదు. సుత్తి దెబ్బకు ఊగకూడదు. పని అయ్యాక ఒక చేత్తో ఎత్తి పక్కన పెట్టేంత తేలిగ్గా ఉండాలి. ఈ మూడు అవసరాల్లోంచి పుట్టిన ఆకారం అది. అందులో అక్కర్లేనిది ఒక్కటీ లేదు.

మామయ్య తన బల్లకు ఈ ఆకారాన్నే ఎన్నుకున్నారు. నిటారు కాళ్ల బల్లను పక్కనుంచి తోస్తే ఆ తోపునంతా అతుకులే భరించాలి. ఏళ్లు గడిచేకొద్దీ అతుకు వదులై బల్ల ఊగడం మొదలవుతుంది. కాళ్లు చాచిన బల్లను ఏ వైపు నుంచి తోసినా ఎదురు నిలిచే కాళ్లు రెండు ఉంటాయి. తోపులో కొంత భాగం కాలి పొడవునా జారి నేలకు దిగిపోతుంది. పిల్లలు ఎక్కి తొక్కే వరండాలో ఇది చిన్న సంగతి కాదు.

కాళ్లు ఎంత చాపాలన్నది ఈ బల్లలో మొదటి తెలివైన నిర్ణయం. సీటు వెడల్పు 14 అంగుళాలు గనక మధ్యగీత నుంచి అంచు 7 అంగుళాల దూరం. మనిషి కూర్చునేటప్పుడూ లేచేటప్పుడూ బరువంతా ఒక్క క్షణం ఆ అంచు మీదికి వస్తుంది. పాదం అంతకంటే బాగా లోపల ఆగిపోతే బల్ల తిరగబడే ప్రమాదం ఉంది. బయటికి పొడుచుకొస్తే దారిన పోయేవారి కాలికి తగులుతుంది. నడిమి దూలం వెడల్పు 5 అంగుళాలు. అంటే దాని అంచు మధ్యగీతకు రెండున్నర అంగుళాల దూరం. కాలి బయటి ముఖం అక్కడ మొదలవుతుంది. దూలం పైభాగం నేలకు పదమూడున్నర అంగుళాల ఎత్తున ఉంది. అక్కడి నుంచి 18 డిగ్రీల వాలుతో దిగితే కాలు నేలను చేరేసరికి సుమారు 4.4 అంగుళాలు పక్కకు జరుగుతుంది. రెండున్నరకు అది కలిపితే 6.9. పాదం బయటి అంచు దాదాపు సీటు అంచు కిందికే వచ్చి ఆగింది.

పొడవు దిశలో అంత వాలు అక్కర్లేదు. కాళ్లను దూలం కొసల నుంచి 6 అంగుళాలు లోపలికి అమర్చి, అటు 10 డిగ్రీలు మాత్రమే వాల్చారు. పక్కకు 18, పొడవుకు 10. రెండూ కలిస్తే 28 అవుతుందనుకుంటాం. నిజానికి కాలు నిట్టనిలువు నుంచి వాలింది 20 డిగ్రీల పైన కొంచెమే. రెండు వాలులూ ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి గనక బడిలో చదువుకున్న పైథాగరస్ సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఆ వాలుకు పదమూడున్నర అంగుళాల ఎత్తు రావాలంటే కాలి పొడవు 14.4 అంగుళాలు ఉండాలి. మామయ్య ఈ లెక్కను అంకెల్లో వేయలేదు. షెడ్డు గచ్చు మీద సుద్దముక్కతో ముందు చూపు, పక్క చూపు అసలు కొలతల్లో గీశారు. కోణానికి తగ్గట్టు వంగే మట్టాన్ని ఆ గీత మీద ఆనించి బిగించారు. గీతలోని కోణం నేరుగా చెక్క మీదికి ఎక్కింది. ఆ సుద్దగీతను, నా లెక్కను పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే మాట చెప్పాయి.

చేవ ఉన్న చెక్క, మెట్టు ఉన్న కాలు

కలప కొత్తది కాదు. బంధువుల పాత ఇల్లు కూల్చినప్పుడు వచ్చిన టేకు దర్వాజా అది. తెలంగాణలో, ఆంధ్రలో పాత ఇళ్లు పడిపోతున్న ఊళ్లలో ఇలాంటి చెక్క ఇంకా దొరుకుతూనే ఉంది. దశాబ్దాల ఎండకూ వానకూ కదలాల్సినంత కదిలి, ఆరాల్సినంత ఆరి, స్థిరపడిన కలప. చెక్క తేమ పీల్చినప్పుడు ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుదించుకుంటుంది. ఆ మార్పు పొడవునా దాదాపు ఉండదు; అడ్డంగానే ఉంటుంది. పచ్చి చెక్కతో బల్ల కడితే అతుకులు మొదటి వేసవిలోనే నోరు తెరవడానికి కారణం ఇదే. టేకు స్వభావంగానే తక్కువ కదిలే కలప, పైగా పాతది. మామయ్య దాని పాత రంగు పొర గీకి, విరిగి లోపల ఉండిపోయిన మేకులను ఒక్కొక్కటీ వెతికి తీశాకే చిత్రిక పట్టారు. అంచున ఉన్న తెల్ల చెక్కను పక్కన పెట్టి చేవ భాగాన్నే కాళ్లకు తీసుకున్నారు.

కాళ్లు కోసిన తీరు గమనించాలి. చెక్కలోని నార కాలికి ఒక కొస నుంచి మరో కొస దాకా తెగకుండా సాగుతుంది. ఎక్కడా నార పక్కకు తప్పుకుని బయటికి వెళ్లదు. నార మధ్యలో తెగిపోయిన కాలు చూడటానికి బాగానే ఉంటుంది, ఏదో ఒక రోజు ఆ వాలు వెంట చీలిపోతుంది. దర్వాజా నిలువు కొయ్య వెడల్పుగా ఉంటే నాలుగు కాళ్లూ పక్కపక్కనే కోసుకోవచ్చు, చెక్క కలిసొస్తుంది. నార తిన్నగా ఉన్నచోటల్లా ఒక్కో కాలు చొప్పున తీయడం వల్ల ఇక్కడ కొంత తరుగు పోయింది. ఆ తరుగు ముక్కలు తర్వాత అడ్డపట్టెలయ్యాయి.

ఇక అతుకు. బల్లను బోర్లిస్తే కనిపించేది ఇదే, నన్ను ఎక్కువసేపు కట్టిపడేసిందీ ఇదే. దూలం పక్కన కాలి వెడల్పుకు సరిపడా గాడి తీశారు. గాడి అడుగు వాలుగా ఉంటుంది: పైన అంగుళం పావు లోతు, మూడంగుళాల కిందికి వచ్చేసరికి పావు అంగుళం. ఆ వాలే 18 డిగ్రీలు. కాలిని గాడిలో ఆనిస్తే చాలు, వాలు దానంతట అదే వస్తుంది. అంతటితో ఆగితే బరువంతా కాలిని పట్టి ఉంచే మరమేకుల మీద పడుతుంది. మామయ్య కాలి లోపలి పక్కన అర అంగుళం మెట్టు కోశారు. దూలం అడుగు ఆ మెట్టు మీద కూర్చుంటుంది. మనిషి బరువు దూలం నుంచి మెట్టుకు, మెట్టు నుంచి కాలికి, చెక్క నుంచి చెక్కకే దిగుతుంది. మరమేకులకు మిగిలిన పని ఒక్కటే, కాలు గాడిని వదిలి బయటికి రాకుండా చూడటం.

ఈ మెట్టు రెండు దిక్కుల వాలున్న కాలి మీద కోయాలి, కోసినది నేలకు సమాంతరంగా రావాలి. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది. ఆ మందంలో రంపం ఎటు పోయినా సందు పడుతుంది. అందుకే కత్తి మొనతో గీశారు. కత్తి గీత చెక్క నారను అక్కడికక్కడే తెంపేస్తుంది. ఉలిని ఆ గాటులో ఆనించి కొడితే అంచు చెదరదు. నాలుగు అతుకుల్లో ఏదానిలోనూ కాగితం దూరే సందు లేదు. జిగురులో రంపపు పొట్టు కలిపి మెత్తిన జాడ ఒక్కచోట కూడా లేదు.

వంద కిలోల బరువు బల్ల మీద సమంగా పడితే ఒక్కో కాలికి 25 కిలోలు వస్తాయి. కాలు 18 డిగ్రీలు పక్కకు వాలి ఉన్నందువల్ల అందులోంచి సుమారు 8 కిలోల తోపు కాలిని బయటికి నెడుతుంది. గరుకు నేల మీదైతే రాపిడి కొంత సాయం చేస్తుంది. నున్నటి గ్రానైటు మీద ఆ సాయం ఆశించలేం. అందుకే ఎదురెదురు కాళ్లను ఎత్తులో సగం దగ్గర ఒక అడ్డపట్టెతో కలిపారు. పట్టె కొసలు కాళ్లలోకి సగం మందం దిగి, లోపల కాస్త వెడల్పుగా, బయటికి వచ్చేచోట సన్నగా ఉన్నాయి. కాలు బయటికి లాగినకొద్దీ పట్టు బిగుస్తుందే తప్ప వదలదు. రెండు జతలకు రెండు పట్టెలు. అంతకంటే ఒక్క పట్టె కూడా ఎక్కువ లేదు.

పాదాలు కోసిన పద్ధతి కూడా చెప్పుకోదగ్గది. నాలుగు కాళ్లూ కాస్త పొడవుగా వదిలి, బల్లను సమమైన గచ్చు మీద నిలబెట్టి, ఊగిన కాలి కింద సన్నటి చెక్కలు దోపి, దూలం పైన నీటిమట్టం పెట్టి సరిచేశారు. తర్వాత ఒకే మందం ఉన్న చిన్న చెక్కముక్క మీద పెన్సిల్ ఆనించి, ఆ ముక్కను నేల మీద జరుపుతూ ప్రతి కాలి చుట్టూ గీత తిప్పారు. ఆ గీత మీద కోస్తే నాలుగు పాదాలూ ఒకే తలానికి వస్తాయి, ఏ కోణమూ కొలవక్కర్లేదు.

నవారు, గోనె, పీచు

దూలం మీద కూర్చున్నది నాలుగు పక్కల చట్రం, రెండున్నర అంగుళాల ఎత్తు. దాన్ని దూలానికి పట్టి ఉంచే రెండు అడ్డకొయ్యలు చట్రం అడుగున ఉన్నాయి, పైన లేవు. కారణం నవారు. చట్రం పైఅంచున బిగించిన నవారు మనిషి కూర్చున్నప్పుడు కిందికి దిగుతుంది. అడ్డకొయ్య పైనే ఉంటే అది నవారుకు తగిలి, మెత్తలోంచి మనకు గట్టిగా గుచ్చుకుంటుంది. దిగడానికి చోటు వదలడం కూడా పనితనమే.

నవారు మంచాల మీద పెరిగిన మనకు నవారు కొత్త కాదు. ఇక్కడ రెండున్నర అంగుళాల వెడల్పు నూలు నవారు వాడారు. అడ్డంగా పన్నెండు పట్టీలు, పొడవునా మూడు, ఒకటి మీదుగా ఒకటి కిందుగా అల్లుకుంటూ. కొసను ఒక అంగుళం మడిచి, మడత మీద ఐదు చీలలు కొట్టారు. ఐదూ ఒకే వరసలో ఉంటే చట్రం చెక్క ఆ వరస వెంట చీలుతుంది. అందుకని పైకీ కిందికీ తప్పించి కొట్టారు. రెండో కొసను చేత్తో లాగితే చాలదు. నవారును ఒక చిన్న చెక్కకు చుట్టి, చెక్క అంచును చట్రానికి ఆనించి కిందికి వంచితే అది మీటలా పనిచేసి చెయ్యి ఇవ్వలేని బిగువును ఇస్తుంది. అల్లిక పూర్తయ్యాక వేళ్లతో తడితే డప్పులా మోగింది. చట్రం లోపలి పైఅంచును నున్నగా గుండ్రం చేయడం మామయ్య మరవలేదు. పదునైన అంచు మీద రోజూ ఒరుసుకుంటే ఎంత మంచి నవారైనా తెగుతుంది.

నవారు మీద గోనెపట్టా పరిచి, చుట్టూ చీలలు కొట్టారు. గోనె పని బరువు మోయడం కాదు, పీచు నవారు సందుల్లోంచి జారిపోకుండా ఆపడం. ఆ గోనెలోకి పురికొసతో పొడవాటి వదులు కుట్లు వేశారు. ఒక్కో కుట్టు కింద అరచెయ్యి దూరేంత వంకీ మిగిలింది. కొబ్బరి పీచును పిడికెడు పిడికెడుగా విప్పి ఆ వంకీల కింద కుక్కారు. మనం ఎటు జరిగి కూర్చున్నా పీచు ఒక మూలకు పోగుపడకుండా ఈ వంకీలు పట్టి ఉంచుతాయి.

పీచును ఉన్నదున్నట్టు వాడలేదు. ముందు దాన్ని తాడులా గట్టిగా పేని, అలా ఉంచి, తర్వాత విప్పారు. పేనిన పోగు విప్పినా పూర్తిగా తిన్నగా కాదు, మెలిక నిలుపుకుంటుంది. ఆ మెలికలు ఒకదాన్నొకటి పట్టుకుని, నొక్కితే దిగి, వదిలితే లేస్తాయి. యూరప్‌లో కుర్చీలు చేసేవాళ్లు గుర్రపు వెంట్రుకను ఇలాగే పేని, విప్పి వాడేవారు. మనకు కోనసీమ ఉంది, కొబ్బరి ఉంది. ఆ పని పీచే చేస్తుంది. తేమ తగిలినా కొబ్బరి పీచు తొందరగా చివకదు.

మెత్త వేసే పనిలో చెయ్యి తిరిగినవాణ్ని, తిరగనివాణ్ని విడదీసేది అంచు. సీటు నడుమ పీచు ఎత్తుగా ఉండి అంచు దగ్గర పల్చబడితే, కూర్చున్నవారి తొడ కిందికి చట్రం చెక్క తగులుతుంది. కాసేపటికే కాలు తిమ్మిరెక్కుతుంది. అందుకని పీచు మీద మరో పల్చటి గోనె కప్పి, అంచు చుట్టూ గట్టు కుట్టారు. రెండు కొసలా మొన ఉన్న పొడవాటి దబ్బనాన్ని చట్రానికి కాస్త పైన, పక్కనుంచి ఏటవాలుగా లోపలికి గుచ్చుతారు. అది పైకి పూర్తిగా రాకముందే, వెనక మొనను లోపలే మళ్లించి, కొద్ది దూరంలో మళ్లీ పక్కకే తీస్తారు. పైనుంచి చూస్తే కుట్టు కనిపించదు. పురికొసను లాగినప్పుడు లోపలి పీచు అంచు వైపు కదిలి వచ్చి అక్కడ గట్టిపడుతుంది. ఇలా చుట్టూ ఒక వరస వేశాక, రెండో వరసలో దబ్బనాన్ని ఈసారి పైకి పూర్తిగా తీసి, దగ్గరదగ్గరగా బిగిస్తారు. అంచు చుట్టూ బొటనవేలంత లావున ఒక గట్టు లేస్తుంది. ఈ బల్ల గట్టును నాలుగు వైపులా వేలితో తడిమి చూశాను. లావులో తేడా లేదు, ఎక్కడా మెత్తబడలేదు, మూలల్లో నలగలేదు. యంత్రం చేయలేని సమానత్వం కాదది. యంత్రం చేయాలనుకోని శ్రమ.

దూది, ఫోమ్

పీచు ఎంత బాగా కుట్టినా దాని కొసలు గుడ్డలోంచి గుచ్చుతాయి. అందుకే పైన దూది పొర. దిండ్లకు వాడే బూరుగు దూది తేలిగ్గా, చల్లగా ఉంటుంది గానీ రోజూ మనుషులు కూర్చునేచోట త్వరగా నలిగి పొడి అయిపోతుంది. మామయ్య ఏకించిన పత్తి దూదినే వాడారు. విల్లుతో దూది ఏకే దూదేకులవాళ్లు వీధుల్లోకి రావడం తగ్గిపోయింది. ఇప్పుడు పరుపుల దుకాణంలో యంత్రం మీద ఏకిస్తున్నారు. దూదిని పొరలుగా పరిచి, అంచు గట్టు మీదుగా కొద్దిగా దించి, అక్కడ కత్తెరతో కోయకుండా చేత్తో తెంపారు. కత్తెరతో కోస్తే అంచు మెట్టులా నిలిచి గుడ్డలోంచి గీతలా కనిపిస్తుంది. చేత్తో తెంపితే పల్చబడుతూ కలిసిపోతుంది.

ఫోమ్ ఎందుకు వాడలేదని అడగకుండా ఉండలేకపోయాను. ఆయనకు ఫోమ్ మీద కోపం లేదు. రైలు బెర్తుల్లో ఫోమ్ నింపిన చేతులే అవి. జర్మనీలో ఒట్టో బేయర్ బృందం 1937లో కనిపెట్టిన పాలియురెథేన్ నుంచి వచ్చిన మెత్తటి ఫోమ్, 1950ల తర్వాత ప్రపంచమంతటా సీట్ల పని తీరునే మార్చేసింది. ఒక పూట పట్టే పని గంటలో అయిపోతుంది. "అల్లుడా, మనం కూసుంటె అది దిగాలె, మనం లేస్తె అది గూడ లేవాలె. ఎన్నేండ్లు లేస్తదన్నదే లెక్క" అన్నారు.

ఆ లెక్క ఫోమ్ కొనేవారికీ పనికొస్తుంది. దుకాణంలో చెప్పే డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్న అంకె. 32, 40 అని అంటుంటారు. అది గట్టిదనం కాదు. ఎంతకాలం పొంగు నిలుపుకుంటుందో చెప్పే గుర్తు. ఎక్కువ డెన్సిటీ ఫోమ్ మెత్తగానూ ఉండవచ్చు, తక్కువ డెన్సిటీది గట్టిగానూ ఉండవచ్చు. చేత్తో నొక్కి "గట్టిగానే ఉంది" అని తక్కువ డెన్సిటీది కొంటే కొద్ది కాలానికే గుంట పడుతుంది. ఇంట్లో ఫోమ్‌తో ఇలాంటి బల్ల కట్టుకోవాలనుకుంటే 40 డెన్సిటీ ఫోమ్ రెండంగుళాలు, పైన మెత్తటిది ఒక అంగుళం వేసుకోవచ్చు. అడుగున ప్లైవుడ్ వాడితే తడికి తట్టుకునే ఐఎస్ 710 గుర్తు ఉన్నది తీసుకుని, గాలి పోయేందుకు అక్కడక్కడా రంధ్రాలు చేయాలి. గాలికి దారి లేకపోతే కూర్చున్నప్పుడల్లా ఫోమ్ గుడ్డను బుడగలా ఉబ్బించి కుట్లను లాగుతుంది.

వరంగల్ గుడ్డ

దూది మీద ముందు ముతక గాడా గుడ్డ ఒకటి బిగించారు. అసలు గుడ్డ వేసేముందు మెత్త ఆకారం ఎక్కడ కుదరలేదో అక్కడే తెలిసిపోతుంది, అక్కడే సరిచేసుకోవచ్చు. పైన కనిపించేది వరంగల్ జంబుఖానా. వరంగల్ కొత్తవాడ నేత నుంచి వచ్చే ఈ నూలు జంబుఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నేల మీద పరుచుకుని తొక్కడానికి నేసిన గుడ్డ గనక కూర్చోవడానికి నలగదు. మందం మాత్రం సోఫా గుడ్డకంటే ఎక్కువ. ఆ మందమే మెత్త వేసేవాడికి పరీక్ష.

ఈ జంబుఖానాకు ఎరుపు, నలుపు, గంధం రంగు చారలు పొడవునా ఉన్నాయి. చార వంకర పోతే నాలుగడుగుల దూరంలో ఎంత చిన్న తేడా అయినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మామయ్య చట్రం పక్కల నడిమి బిందువులు, గుడ్డ నడిమి బిందువులు గుర్తు పెట్టుకుని, ముందు నాలుగు నడుముల దగ్గర ఒక్కో చీల సగం దిగేలా కొట్టారు. అక్కడి నుంచి మూలల వైపు ఎదురెదురు పక్కల్లో సమంగా లాగుతూ వెళ్లారు. చీలలు సగమే దిగి ఉన్నంతసేపూ తీసి మళ్లీ కొట్టవచ్చు. చారలన్నీ తిన్నగా నిలిచాకే పూర్తిగా దించారు. నేత గుడ్డ ఎటు లాగితే అటు సాగుతుంది. ఒక పక్క ఎక్కువ లాగితే చార విల్లులా వంగుతుంది. ఈ బల్ల మీద ఒక కొస నుంచి కన్ను ఆనించి చూస్తే చార ఇంకో కొస దాకా తిన్నగా పోతుంది, గట్టు మీదుగా దిగేటప్పుడు కూడా దారి తప్పదు.

మూలను దగ్గరగా చూడండి. మందపాటి గుడ్డను మూల దగ్గర మడిస్తే మూడు పొరలు ఒకచోట పడి ముద్దగా లేస్తుంది. మామయ్య మడతలో లోపలికి పోయే పొరను, కుట్టుకు కావాల్సినంత వదిలి, కత్తిరించి తీసేశారు. మిగిలిన ఒక్క మడతను మూల గీతకు సరిగ్గా దించి, వంకర సూదితో ఎరుపు చార మీద ఎరుపు దారం, గంధం చార మీద గంధం దారం మార్చుకుంటూ కుట్టారు. నాలుగు మూలలకూ ఇదే ఓపిక. అడుగున నల్ల గుడ్డ కప్పి, అందులోకి దుమ్ము, పురుగు పోకుండా మూసేశారు.

ఈ పని విలువ

పరిచయం రాసేవాడు మెచ్చుకుని ఊరుకోకూడదు గనక ఇబ్బందులూ చెబుతాను. ఈ బల్ల బరువైనది. ఒక్కరు దూరం మోయలేరు. జంబుఖానాను ఉతకాలంటే చీలలు పీకాలి. అందుకని రోజూ దులుపుకోవడం, అప్పుడప్పుడు ఎండలో పెట్టడం తప్పదు. వానాకాలం తేమలో దూది బరువెక్కుతుంది. దీని మీద పట్టిన సమయాన్ని కూలీ లెక్కలో వేస్తే దుకాణంలో దొరికే బల్ల ధరకు సరితూగదు. ఇవన్నీ నిజమే.

వీటికి ఎదురుగా నిలిచే నిజం ఇంకొకటి ఉంది. ఈ బల్లలో ఏ పొర పాడైనా ఆ పొర ఒక్కదాన్నే మార్చవచ్చు. గుడ్డ చిరిగితే గుడ్డ, దూది ముద్దకడితే దూది మళ్లీ ఏకించుకోవడం, నవారు సాగితే నవారు మళ్లీ బిగించుకోవడం. ఏదీ దేనికీ జిగురుతో శాశ్వతంగా అంటుకుని లేదు. కలపకు జరగాల్సిన కదలిక దర్వాజాగా ఉన్నప్పుడే చాలావరకు జరిగిపోయింది. మనుమలు దీన్ని విప్పి, చూసి, మళ్లీ కట్టగలరు. బాగుచేయడానికి వీలుగా ఉంచడమే ఒక వస్తువుకు చేయగల పెద్ద మర్యాదని నేను నమ్ముతాను. రైలు పెట్టెను విప్పి, మరమ్మతు చేసి, మళ్లీ పట్టాల మీదికి పంపే కార్ఖానాలో జీవితం గడిపిన మనిషికి ఆ మర్యాద ఎవరూ నేర్పక్కర్లేదు.

మెత్తదనం అంటే దిగబడిపోవడం అనుకునే రోజులివి. మామయ్య బల్ల మీద కూర్చుంటే ఒక అంగుళమే దిగుతాం, ఆ అంగుళం దగ్గర అది మనల్ని పట్టుకుంటుంది. తొడల కింద గట్టు ఉంది, గట్టు కింద నవారు ఉంది, నవారు కింద మెట్టు మీద ఆనిన దూలం ఉంది. కంటికి కనిపించే పొర ఒక్కటే. మిగిలినవన్నీ లోపల ఉండి పనిచేస్తున్నాయి. నేను చూసినంతలో ఇంత నిజాయితీగా కట్టిన ఆసనం ఇంకొకటి లేదు.

చదువుతున్న మీకు ఒక మాట. ఈసారి సోఫాకో బల్లకో డబ్బు పెట్టేముందు దాన్ని బోర్లించి చూపించమని అడగండి. కాలు దేని మీద ఆనిందో, నవారో ప్లైవుడ్డో ఎలా బిగించారో, లోపలి ఫోమ్ డెన్సిటీ ఎంతో అడగండి. ఇంట్లో పాత దర్వాజా చెక్క, నవారు చుట్టలు మూలన పడి ఉంటే అమ్మేయకండి. మీ వీధిలో ఒక వడ్రంగి, ఒక పరుపుల పనివారు ఇప్పటికీ ఉంటారు; ఇద్దరినీ పిలిచి పని చెప్పండి, పక్కన కూర్చుని చూడండి, వీలైతే ఒక చెయ్యి వేయండి. ఆ పని తెలిసిన చేతులకు పని దొరికినంత కాలమే ఆ పని బతికి ఉంటుంది.